మూడో దెబ్బ

పజుండౌంగ్,
11 ఆగస్టు 2024, ఆదివారం

మామయ్యకు మేనకోడలు మల్లిక నమస్కారాలు.

ఉత్తరం మొదట్లో అందరం క్షేమమని రాయాలని చిన్నప్పుడు పలక మీద మీరే నేర్పారు. కాబట్టి అందరం క్షేమం. అమ్మమ్మకు కుడికన్ను పూర్తిగా పోయింది. ఎడమకంట్లో వెలుతురు మాత్రం తెలుస్తుంది. కళ్ళలో పోయిందంతా చెవుల్లోకి వచ్చి చేరింది. వీధి చివర ఎవరి సైకా రిక్షా ఆగిందో చక్రం కీచును బట్టి చెప్పేస్తుంది.

త్రినాథ్ బావ బాగున్నాడు. సైన్యంలోకి పట్టుకుపోవడానికి వార్డులో కుర్రాళ్ళ పేర్ల జాబితా రాసుకుని వెళ్ళినప్పటి నుంచి అటక మీదే ఉంటున్నాడు. కిందికి దిగడు, గొంతెత్తి మాట్లాడడు. అన్నం పళ్ళెం నేనే పైకి మోస్తాను. దీపం పెట్టే వేళకు మాత్రం జముకు తీసి మెల్లగా నాలుగు దెబ్బలు వేస్తాడు. వీధిలో వాళ్ళు రేడియో అనుకుంటారు. మనవడు ఇంట్లో ఉన్నాడని అమ్మమ్మకు అదే గుర్తు. అది వినబడితే గాని ముద్ద మింగదు.

ఇప్పుడు అసలు సంగతి. మీరు వదిలి వెళ్ళిన పాత లాప్‌టాప్ తెరిచాను. అందులో సింథసైజర్ ఉంది కదా, తెర నిండా గుండ్రటి మరలు, వాటి మధ్య రంగురంగుల తీగలు. దసరాకు గుడిలో జముకు వాయించే కుర్రాడు ఒక్కడూ లేడు. ఉన్నవాళ్ళు బయటికి రారు, మిగతావాళ్ళు ఎక్కడున్నారో తెలియదు. కమిటీలో వెంకటరాజు గారు "మెషీన్‌లో చేయగలవేమో చూడమ్మా" అన్నారు. నేర్పండి. నాకు తెలిసిందల్లా మీ మైక్ సెట్‌కు తీగలు చుట్టడం ఒక్కటే.

ఫోన్ వద్దు, కాగితమే అన్న మీ నియమం తప్పలేదు. సైనికులు రోడ్డు మీద ఆపి ఫోన్లు తెరిపిస్తూనే ఉన్నారు. ఈ ఉత్తరం పబేడాన్ బజారు కోటేశ్వరి పిన్ని సరిహద్దు దాటించే లుంగీల మూటలో మీ దగ్గరికి వస్తుంది. జవాబు ఆమె చేతికే ఇవ్వండి.

నేను కాస్త లావయ్యాను. నవ్వకండి.

మీ మల్లిక

*

బ్యాంకాక్,
2 సెప్టెంబర్ 2024

మేనకోడలు మల్లికకు మామయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరానికి లుంగీల గంజి వాసన పట్టింది. చదవడానికి ముందు కాసేపు వాసన చూశాను. ఇక్కడ నా బతుకు కరోకే పాటల దుకాణం. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒకరి పాటలోంచి గొంతు తీసేసి ఖాళీ పాటను ఇంకొకరికి అమ్ముతాం. పజుండౌంగ్‌లో పెళ్ళిళ్ళకూ గుళ్ళకూ మైకులు కట్టినవాడికి ఇది శిక్షే. ఆ రోజు సైన్యాన్ని ఎదిరించి వీధిలోకి వచ్చిన జనానికి లౌడ్‌స్పీకర్లు ఇచ్చినందుకు నా పేరు వాళ్ళ కాగితం ఎక్కకపోతే ఇప్పటికీ అక్కడే నిచ్చెనలు ఎక్కుతూ ఉండేవాణ్ణి.

సరే, పాఠం. ముందు కళ్ళు మూసుకుని జముకును తలుచుకో. కొయ్య కుంచం. ఒక మూతికి మేకతోలు. తోలు నడిమధ్య నుంచి నరం, నరం చివర చిన్న కర్ర. కుంచం చంకలో, కర్ర ఎడమ పిడికిట్లో, కుడిచేత్తో మీటడం. పిడికిలి బిగిస్తే స్వరం పైకి పోతుంది, వదిలితే జారుతుంది. నరం, తోలు, చెయ్యి. మెషీన్‌లోనూ ఈ మూడే పెట్టు.

నరం అంటే ఆసిలేటర్. రంపపు పళ్ళలాంటి అల ఒకటి ఉంటుంది, అది ఎంచుకో. గరగరగా వినబడుతుంది, భయపడకు. తోలు అంటే ఫిల్టర్. అదొక జల్లెడ. లో-పాస్ అన్నది లావు శబ్దాలను పోనిచ్చి సన్నవాటిని ఆపుతుంది. కటాఫ్ మరను ఎడమకు తిప్పేకొద్దీ శబ్దం దుప్పటి కప్పుకుంటుంది. పక్కన రెజొనెన్స్ మర ఉంటుంది. కొంచెం తిప్పితే శబ్దానికి కొయ్య గుణం వస్తుంది, ఎక్కువ తిప్పితే ఈల వేస్తుంది. చెయ్యి అంటే ఎన్వలప్. మీటగానే ఎంత లేవాలి, ఎంతసేపట్లో పడాలి అన్నది అది చెబుతుంది. దాని నుంచి రెండు తీగలు లాగు. ఒకటి కటాఫ్‌కు, ఒకటి స్వరం ఎత్తుకు.

మరలు ఎవడైనా తిప్పుతాడు. ఏది ముందు, ఏది వెనక అన్నదే విద్య. గది ప్రతిధ్వనిని ఫిల్టర్‌కు ముందు పెట్టావనుకో, గది కూడా జల్లెడలో పడుతుంది. వెనక పెడితే గది గదిలాగే ఉంటుంది. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు గాని, నువ్వు వింటావని తెలుసు కాబట్టి ఇంత రాశాను.

మా త్రినాథ్ అక్షరం ముక్క చూసి ఐదు నెలలు. వాడికేమైనా అయిందని నా చెవిన పడితే మాత్రం సరిహద్దు వంతెన దాటి వచ్చేస్తాను మల్లికా, నా పేరు మీద ఎన్ని కాగితాలున్నా సరే. వాణ్ణి అటక దిగనివ్వకు. రెండు ముక్కలు రాయమను.

మీ మామయ్య
రాజమోహన్

*

పజుండౌంగ్,
29 సెప్టెంబర్ 2024

మామయ్యకు నమస్కారాలు.

ఇవాళ కరెంటు పొద్దున నాలుగు గంటలు ఉండి పోయింది. బ్యాటరీ అయిపోయేలోగా చేసిన ప్రయోగాల ఫలితం ఇది. మొదటి వారం నా జముకు వానాకాలం పజుండౌంగ్ కాలువలో కప్పలా అరిచింది. రెండో వారం ఖాళీ డబ్బా అయింది. కటాఫ్‌కు తీగ లాగాక మాత్రం ఒక్కసారి "బుడుం" అంది. అచ్చం. ఒళ్ళు ఝల్లుమంది. మళ్ళీ అదే శబ్దం కోసం వెతికితే దొరకలేదు, ఏ మర తిప్పానో రాసుకోలేదు.

రెండు చిక్కులున్నాయి. తోలుకు ఒక ఫిల్టర్, కొయ్యకు ఒక ఫిల్టర్ వేరువేరుగా ఉంటే బాగుంటుందనిపించింది. ఏదో ఒక ముక్కను మాత్రమే పోనిచ్చే బ్యాండ్-పాస్ అన్నది రెండు పెట్టాను. ఒక్కొక్కటీ విడిగా బాగానే పలుకుతోంది. రెండూ కలిపితే మాట పడిపోయినట్టు ఏమీ రావడం లేదు.

రెండోది, బావ మూడో దెబ్బ. మూడోసారి మీటేటప్పుడు తన కుడి బొటనవేలు జారుతుంది కదా. శబ్దం సగంలో కూలబడి మళ్ళీ లేస్తుంది. అది మెషీన్‌లో ఎలా తేవాలి? అది లేకపోతే అమ్మమ్మ ఒప్పుకోదు. అంటే, గుడికి వచ్చే ముసలమ్మలెవరూ ఒప్పుకోరని. కమిటీ వాళ్ళకు త్రినాథ్ వాయించినట్టే ఉండాలట.

ఉత్తరం సంగతి బావకు చెప్పాను. తర్వాత రాస్తానన్నాడు.

దసరాకు రెండు వారాలే ఉంది. త్వరగా రాయండి.

మీ మల్లిక

*

బ్యాంకాక్,
20 అక్టోబర్ 2024

మల్లికకు ఆశీస్సులు.

కోటేశ్వరి మూట దారిలో నిలిచిపోయి నీ ఉత్తరం దసరా వెళ్ళాక అందింది. గుడిలో ఎలా జరిగిందో రాయి.

నీ ఫిల్టర్లను ఒకదాని వెనక ఒకటి కట్టావు. మొదటిది లావు శబ్దాన్నే రానిస్తుంది, రెండోది సన్నదాన్నే రానిస్తుంది. మొదటి గుమ్మం దాటినవాణ్ణి రెండో గుమ్మం దగ్గర ఆపేస్తున్నారు. ఇక లోపలికి ఎవరొస్తారు? రెండూ పక్కపక్కన పెట్టు. నరం నుంచి రెండు తీగలు చీల్చి చెరొకదానికి ఇచ్చి, బయటికొచ్చాక కలుపు. తోలు తోలులా, కొయ్య కొయ్యలా పలుకుతాయి.

మూడో దెబ్బ గురించి అడిగావు. నలభై ఏళ్ళుగా జనం శబ్దంలోంచి తప్పు తీయమని నా దగ్గరికి వచ్చారు, తప్పు పెట్టమని అడిగినదానివి నువ్వే. ఆ వేలి సంగతి నాకు గుర్తు చేయకుండా ఉంటే బాగుండేది. సరే. దానికో వేరే మీట పెట్టుకో. ఆ మీట నొక్కినప్పుడు మాత్రం ఇంకో ఎన్వలప్ స్వరం ఎత్తును కిందికి లాగి వదలాలి. కటాఫ్‌ను కూడా సగం మూసి తెరవాలి. ప్రతిసారీ ఒకేలా జారకూడదు, మనిషి వేలు కదా. ర్యాండమ్ అని ఒక పెట్టె ఉంటుంది. దాని నుంచి ఇంత సన్నని తీగ లాగు.

కానీ ఒకటి అడుగుతాను. వాయించేవాడు నెత్తి మీద అటకలోనే ఉండగా ఈ పాట్లన్నీ దేనికి? ఒక్కరోజు లాప్‌టాప్ పైకి తీసుకెళ్ళి వాడి చేత వాయించి రికార్డు చేస్తే సరిపోయేది. వాడు ఒప్పుకోలేదు, అంతేనా? నా మీద కోపం గుడి మీద చూపిస్తున్నాడు. ఈ కింది పేరా వాడికి పైకి చదివి వినిపించు. ఒక్క మాట కూడా మింగకు.

ఒరే త్రినాథ్, ఆరు నెలలైంది నీ చేతిరాత చూసి. పని లేదు, పాట లేదు, రెండు ముక్కలు గీకడానికి నీకేం అడ్డొచ్చింది? ఆ వేలి మీద కోపమైతే అదే రాయి, తిట్టు, పడతాను. ఆడపిల్ల చేత అన్నం మోయించుకుని తిని పడుకునేవాడికి అంత రోషం పనికిరాదు. నువ్వు రాసేదాకా నేను నీకు తండ్రిని కానని అనుకో.

రాజమోహన్

*

పజుండౌంగ్,
17 నవంబర్ 2024

మామయ్యకు నమస్కారాలు.

ముందు చెడ్డ కబురు. తామ్వేలో యర్రయ్య తాతయ్య ఈ నెల పదో తారీకు పొద్దున పోయారు. మీ బాబాయి చివరిదాకా మిమ్మల్నే అడిగారట, "రాజు మైకు కట్టినాడా" అని. కొడుకు దండాసి మామయ్య తలకొరివి పెట్టాడు. నేను వెళ్ళి వచ్చాను. బావ రాలేడని చెబితే దండాసి మామయ్య అర్థం చేసుకున్నాడు. మోసేవాళ్ళే తక్కువయ్యారు, అందరూ యాభై దాటినవాళ్ళు. కబురు విని అమ్మమ్మ గోడ వైపు తిరిగి పడుకుంది. ఏడవలేదు.

మీ పేరా బావకు పైకి చదివి వినిపించాను. ఏమీ అనలేదు.

దసరా బాగానే జరిగింది. జనం పలచగా వచ్చారు.

ఇప్పుడు మంచి కబురు కూడా చెప్పనివ్వండి, లేకపోతే ఈ ఉత్తరం మరీ బరువవుతుంది. తామ్వే నుంచి వచ్చి పెరట్లో కుళాయి కింద తల తడుపుకుని, మనసు నిలవక మెషీన్ ముందు కూర్చున్నాను. మీరు చెప్పినట్టు ఫిల్టర్లు పక్కపక్కన పెట్టాను. మామయ్యా, జముకు వచ్చింది! మూడో దెబ్బతో సహా వచ్చింది. ర్యాండమ్ తీగ లాగాక రోజుకో రకంగా జారుతోంది. ఈ వారం రోజులూ దీపం వేళకు మన ఇంట్లో ఎంత చక్కగా మోగుతోందో. అమ్మమ్మ కదలకుండా వింటోంది. మీరు వింటే ఇది త్రినాథ్ కాదని చెప్పలేరు.

మీ ఆరోగ్యం చూసుకోండి.

మల్లిక

*

బ్యాంకాక్,
8 డిసెంబర్ 2024

మల్లికా,

బాబాయి కబురు చదవగానే లేచి తలస్నానం చేశాను. తడిబట్టలతో కూర్చుని నీ ఉత్తరం మళ్ళీ చదివాను. తర్వాత పాతవి కూడా తీసి వరసగా చదివాను.

దసరా అయిపోయి నెల దాటాక ఎవరి కోసం మోగిస్తున్నావు?

యర్రయ్య బాబాయిది మా ఇంటిపేరు. ఆయన పోతే అమ్మకూ నాకూ త్రినాథ్‌కూ పదిరోజులు మైల. నీది మీ నాన్న ఇంటిపేరు. నీకు మైల లేదు, అందుకే నీకు తట్టలేదు. జముకు అమ్మవారి వాద్యం. మైలింట్లో అది మోగకూడదు. కొంకికి తగిలించిన జముకును కూడా ఆ పదిరోజులూ గుడ్డ కప్పి ఉంచుతాం.

నీకు తెలియనిది ఇంకొకటి చెబుతాను. మా నాన్న పోయిన మూడో రోజు, ఇల్లంతా జనం. త్రినాథ్‌కు ఎనిమిదేళ్ళు. తాత జముకు కదా అని తీసి మీటాడు. పది మందిలో పరువు పోయిందని నేను ఆ జముకే లాక్కుని దాంతోనే వాడి చేతి మీద కొట్టాను. బొటనవేలు విరిగింది. సైకిలు మీంచి పడ్డాడని అందరికీ చెప్పాం. నీకూ అదే చెప్పాం. మూడో దెబ్బకు జారేది ఆ వేలే. ఆ తర్వాత పక్కవీధిలో చావు మేళం వినబడినా వాడు జముకు గదిలోకి వెళ్ళేవాడు కాదు.

అలాంటివాడు చిన్నతాత మైలలో వారం రోజులు జముకు మోగుతుంటే అటక మీద ఊరుకున్నాడని రాశావు.

నా కొడుకు ఎక్కడ?

నెలాఖరు దాటాక కోటేశ్వరి నీ ఉత్తరం లేకుండా వస్తే, తిరుగు మూటతో నేనే బయలుదేరుతాను.

*

పజుండౌంగ్,
27 డిసెంబర్ 2024

మామయ్యా,

మీ ఉత్తరం వారం రోజులుగా దిండు కింద ఉంది. దయచేసి కూర్చుని చదవండి.

త్రినాథ్ బావ చనిపోయాడు.

ఆ మాట ముందే రాసేశాను, వెతుక్కుంటూ చదవకూడదని. ఇక వరసగా చెబుతాను. అటక మీద ఎవరూ లేరు. జూలై పంతొమ్మిదిన మీ పాత స్పీకరుకు వైరు కొనడానికి బావ పబేడాన్ వెళ్ళాడు. బస్సు కోసం నిలబడ్డ కుర్రాళ్ళను సైనికులు లారీ ఎక్కించుకుని పోయారు. మన వీధి సన్యాసమ్మ గారి కొడుకు జోగి కూడా అదే లారీలో ఉన్నాడట. వార్డు ఆఫీసుకు నాలుగుసార్లు వెళ్ళాను. నాలుగోసారి, మళ్ళీ వస్తే ఇంట్లో ఇంకెవరున్నారో చూస్తామన్నారు.

మీరు వచ్చేస్తారని మీకు చెప్పలేదు. వస్తే పట్టుకుంటారు. అమ్మమ్మకు చెబితే అన్నం మానేస్తుంది. వాడు అటక మీద దాక్కున్నాడని ఆమెకు చెప్పాను, మీకూ అదే రాశాను. రెండో పళ్ళెం పైకి మోసుకెళ్ళి నేనే తినేదాన్ని. అందుకే లావయ్యాను. ఫోన్లో ఉన్న ఒక్క రికార్డింగూ తనిఖీల భయంతో మేమే చెరిపేశాం. ఉన్నా, రోజూ అదే వేస్తే అమ్మమ్మ రెండో రోజుకు పట్టేస్తుంది. అసలు జముకు నేను మీటితే దోమలు తోలినట్టుంటుంది. అందుకే మెషీన్. అది కుదిరేదాకా, వీధిలో గస్తీ ఉందని బావ జముకు మీటడం లేదని చెప్పి, అమ్మమ్మను బతిమాలి రెండేసి ముద్దలు తినిపించాను. కమిటీ ఏమీ అడగలేదు. దసరాకు గుడి తలుపులు సగమే తెరిచారు.

మీ పేరా అటక మీదికి వెళ్ళి చదివాను. ఒక్క మాట కూడా మింగలేదు. జముకు కొంకికి వేలాడుతోంది, దానికే వినిపించాను.

మైల సంగతి మీ కంటే ముందు అమ్మమ్మ పట్టింది. పదకొండో రోజు తలంటు పోసుకున్నాక, జుట్టు ఆరకముందే పిలిచింది.

"ఒలే మల్లికా, ఇటు రా. ఆ అటక మీదున్నది ఎవులే?"

"బావే అమ్మమ్మా."

"మైలింట్లో పదిరోజులూ జముకు మోగీసింది. నా మనవడు సచ్చినా ముట్టడు. ఆడి బొటనేలు ఎందుకిరిగిందో నీకు తెల్దు, నాకు తెల్సు. ఆడెక్కడున్నాడో సెప్పు."

చెప్పాను. లారీ సంగతి, మెషీన్ సంగతి, పళ్ళెం సంగతి. అంతా విని, "ఇది నీకెవులు నేర్పినారే?" అంది. మామయ్య అన్నాను. "దేనికో ఆడికి తెల్సా?" తెలియదన్నాను.

"పాపం, కొడుకు సెయ్యిని ఆడి సేతే సేయించీసినావు గదే," అంది.

మొదటి రోజే ఎందుకు అడగలేదని అడిగాను. "అడిగితే ఆపీస్తావు గదేటి. ఆడు కాదని తెల్సినా ఇనాలనిపించింది. మైల తప్పినాను. అమ్మోరు నన్నేటి సేసుకున్నా పర్లేదు," అంది. ఆ తర్వాత కూడా రోజూ మోగించమనేది. వాడు వచ్చేదాకా మోగనీ అనేది. నా పక్కన కూర్చుని, మూడో దెబ్బ ఇంకొంచెం నెమ్మదిగా జారాలని దిద్దేది.

డిసెంబర్ ఒకటిన సన్యాసమ్మ గారు వచ్చారు. జోగి ఎవరి ఫోన్ నుంచో మాట్లాడాడట. అక్టోబర్ ఇరవై మూడున ఒక వాగు దగ్గర పోరులో జరిగింది. ముఖం పోల్చుకునేలా లేదట మామయ్యా. వంకర బొటనవేలు చూసి జోగి గుర్తుపట్టాడు. వాగు ఒడ్డునే పూడ్చారు. ఊరి పేరు జోగికీ తెలియదు.

అమ్మమ్మ లేచి వెళ్ళి తడుముకుంటూ లాప్‌టాప్ మూసింది. "ఎప్పుడింటే అప్పుట్నుంచే మైల. నానియాల ఇన్నాను. ఆడి బాబు ఇంకా ఇన్లేదు. రాసీ," అంది. రాస్తే మీరు వచ్చేస్తారన్నాను. "రావద్దని నా మాటగా రాయి. కొడుక్కీ మనవడికీ ఇద్దరికీ మైల పట్టే ఓపిక నాకు నేదని రాయి." అంతే చెప్పింది. ఆ మాటలే రాశాను. అయినా ఇన్నాళ్ళు ఆలస్యం చేశాను. ఈ కాగితం చదివిన రోజు నుంచి మీకు మైల మొదలవుతుంది. దాన్ని మొదలుపెట్టేది నా చెయ్యే అని చేతులు రాలేదు.

బావ ఏప్రిల్ నుంచి మీకు రాయకపోవడం కోపంతో కాదు. మా ఇద్దరి సంగతి మీకు చెప్పాలనుకున్నాడు. నన్ను చేసుకుంటానని తండ్రికి ఎలా రాయాలో తెలియక నాలుగు కాగితాలు చించాడు. ముందు మీ స్పీకరు బాగుచేసి, ఆ కబురుతో కలిపి రాస్తానన్నాడు. వైరుకు వెళ్ళింది అందుకే.

మా అమ్మమ్మకు పదిరోజులు మైల. మీకు పదిరోజులు. నాది వేరే ఇంటిపేరు. ఆ పదిరోజులూ అమ్మమ్మ దూరంగా చాప మీద కూర్చుంటే, నేను మామూలు చీర కట్టుకుని వంట చేసి పెట్టాను. నాకు మైల లేదు మామయ్యా. ఏడవడానికి కూడా నాకు ఏ పద్ధతీ లేదు.

మైల వదిలాక మెషీన్ మళ్ళీ మోగించాలా వద్దా అని అమ్మమ్మను అడిగాను. "ఆడి బాబునడుగు," అంది. అడుగుతున్నాను.

నన్ను తిట్టండి. రావద్దు.

మల్లిక

*

బ్యాంకాక్,
19 జనవరి 2025, ఆదివారం

కోడలు మల్లికకు,

నీ ఉత్తరం తొమ్మిదో తారీకున అందింది. ఇవాళ తలంటు పోసుకుని రాస్తున్నాను.

అందిన రోజు సాయంత్రం సంచి సర్దుకుని, సరిహద్దు వైపు వెళ్ళే బస్సుల స్టాండుకు పోయాను. టికెట్టు కూడా తీసుకున్నాను. బస్సు కదిలేదాకా బెంచీ మీద కూర్చున్నాను. అమ్మ మాట అడ్డం పడింది. ఆమె ఓపిక ఎంతో నాకు తెలుసు. బస్సు వెళ్ళిపోయింది, నేను గదికి వచ్చేశాను.

పని మానితే ఈ గది ఉండదు కాబట్టి పని మానలేదు. కానీ పదిరోజులూ స్పీకర్లు ఆపేసి, తెర మీద అలలు చూసే పాటలు కోశాను. ఒక్క శబ్దం చెవిన పడనివ్వలేదు. రెండు పాటలు పాడయ్యాయని యజమాని అరిచాడు. అరవనీ.

ఆ పేరా. తండ్రిని కానని అనుకో అని రాశాను. ఇరవయ్యో తారీకున రాశాను, వాడు ఇరవై మూడున పోయాడు. ఆ మాట వాడి దాకా పోలేదు. నువ్వు చెప్పిన అబద్ధం వల్ల నాకు మిగిలిన మంచి అదొక్కటే, కాబట్టి నిన్ను తిట్టను. వాడు నా స్పీకరు వైరు కోసం వెళ్ళాడు. అది మాత్రం నేను మోయాలి. ఆ వేలు కూడా. నేను విరిచిన వేలు చూసి నా కొడుకును గుర్తుపట్టారు. దాని గురించి ఇంకేమీ రాయలేను.

నువ్వు అడిగిందానికి జవాబు. ఇవాళ స్నానం కాగానే ఇక్కడ నా మెషీన్‌లో జముకు కట్టాను. నీకు చెప్పినట్టే, నరం, పక్కపక్కన రెండు ఫిల్టర్లు, మూడో దెబ్బకు వేరే మీట. కట్టాను గాని వినలేకపోయాను. తెర కుడి చివర ఆఖరి పెట్టె ఒకటి ఉంటుంది, బయటికి పోయే దారి. ఫిల్టర్ల నుంచి దానికి పోయే తీగ తీసేశాను. మీట నొక్కితే లోపల అంతా జరుగుతుంది. నరం ఆడుతుంది, ఫిల్టర్ మూసి తెరుస్తుంది, మూడోది జారుతుంది. శబ్దం కొలిచే పచ్చగీత లేచి పడుతుంది. వినబడదు, అంతే. నువ్వు కూడా ప్రస్తుతానికి ఆ ఒక్క తీగ తీసెయ్యి. దేన్నీ చెరపకు. మూడో దెబ్బ దిద్దకు.

ప్రస్తుతానికి అని ఎందుకన్నానంటే, నీకు మైల లేదని రాశావు. ఉంది. ఇంటికి పెద్దవాణ్ణి, నేను చెబుతున్నాను. ఈ ఉత్తరం చదివిన రోజు నుంచి నీకు పదిరోజులు. మా ఇంటిపేరుతో పట్టు. అమ్మ పక్కన చాప వేసుకో. ఆ పదిరోజులూ పొయ్యి ముట్టకు, కోటేశ్వరిని రెండు పూటలా అన్నం పంపమన్నాను. ఒక్క పళ్ళెంలోనే తిను. ఎంత ఏడుపొస్తే అంత ఏడు, ఎవరైనా ఏమిటని అడిగితే మా మావగారు చెప్పారను.

పదకొండో రోజు అమ్మ చేత తలంటు పోయించుకో. ఆ తర్వాత తీగ మళ్ళీ పెట్టాలో వద్దో నువ్వే చూసుకో. అది చెప్పాల్సింది వాడి బాబు కాదు.

మీ ఆరు గంటలు నాకు ఆరున్నర. దీపం వేళకు ఇక్కడ నేను మెషీన్ ముందు ఉంటాను.

త్రినాథ్ నాన్న
రాజమోహన్